మూడొందల యాభైకి ఊ కొట్టి వస్తే గిట్టదు

విశాఖ లాసన్స్ బే కాలనీలోని ఈ కేఫ్ పై అంతస్తులో ఆదివారం మధ్యాహ్నాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అని, బల్ల చుట్టూ కూర్చుని కథ అల్లుకుంటూ ఆడే ఆట ఆడిస్తారు. సీటుకి 350 రూపాయలు. అందులోనే ఒక టీ, ఒక ప్లేటు మురీ మిక్చర్. రెండున్నరకి మొదలుపెడితే ఆరున్నర దాటాకే లేవడం. మావాడి పోరు పడలేక వెళ్లాను మొదట. వాడికి పద్నాలుగేళ్లు, పదహారు నిండని పిల్లలతో పెద్దవాళ్లెవరో ఒకరు కూర్చోవాలని ఇక్కడి రూలు. ఇప్పుడు వాడికి ట్యూషన్ ఉన్న వారాల్లో కూడా నేనొక్కదాన్నే వెళ్లి ఆడి వస్తున్నాను. దాన్నిబట్టే నాకు నచ్చిందని మీకు తెలిసిపోతుంది. కాకపోతే ఇక్కడ రెండు టేబుళ్లున్నాయి, ఆ రెండూ ఒకటి కావు. అందుకే ఇంత పొడుగు రివ్యూ.

ఇంతకుముందు రాసినవాళ్లంతా డైస్ బావున్నాయి, రంగు రంగుల బొమ్మలు బావున్నాయి, ఫిల్టర్ కాఫీ బావుందనే రాశారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. డబ్బులిచ్చి కూర్చునేవాళ్లు చూసుకోవాల్సింది మాత్రం వేరే. ఆ నాలుగు గంటల్లో మీరు నోరు విప్పే సందు ఎంత దొరికింది, మీరన్న మాటకి కథ ఏ మాత్రమైనా పక్కకి తిరిగిందా? ఆ రెండూ లేకపోతే 350 పోసి ఎవరో చెప్పే కథకి ఊ కొట్టి వచ్చినట్టే. ఊ కొట్టడానికైతే మా అమ్మమ్మ ఉత్తినే చెప్పేది, పైగా ముద్దలు కలిపి చేతిలో పెట్టేది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట ఇది. వైకుంఠపాళిలాగా చివరి గడి అంటూ ఉండదు, ఫలానావాడు గెలిచాడనీ ఉండదు. ఒకరు గేమ్ మాస్టర్. ఊరు, అడవి, దొంగలు, గాలివాన అన్నీ ఆయన నోటి నుంచే వస్తాయి. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. "తలుపు తోస్తాను", "వాడితో బేరమాడతాను" అని మీరంటారు. అవుతుందో లేదో అనుమానం ఉన్న చోట ఇరవై ముఖాల డైస్ వేస్తారు. పడిన అంకెకి మీ పాత్ర సత్తువని బట్టి రెండో మూడో కలిపితే, గేమ్ మాస్టర్ అనుకున్న అంకెని అందుకుందా, పని అయినట్టు. పుస్తకంలో మిగతాదంతా దీనికి పుట్టిన చిలవలూ పలవలూ.

ఈ ఆటలో ఒక చిత్రం ఉంది. కొట్లాట మొదలవగానే అందరూ డైస్ వేసి వరస కడతారు, దాన్నే ఇనిషియేటివ్ అంటారు. ఇక ఆ వరస ప్రకారమే వంతులు. గలగలా మాట్లాడేవాడికీ ఒక వంతే, మొహమాటంతో చచ్చిపోయేవాడికీ ఒక వంతే. కత్తి ఒరలో పెట్టిన మరుక్షణం ఆ వరస మాయం. సంతలో ఆరా తీయాలన్నా, జమీందారుని ఒప్పించాలన్నా, గుహలోకి పోదామా వెనక్కి తిరుగుదామా అని తేల్చుకోవాలన్నా వంతులుండవు. గేమ్ మాస్టర్ "ఇప్పుడేం చేస్తారు?" అని టేబుల్ మొత్తాన్నీ కలిపి అడుగుతాడు, గొంతు పెద్దగా ఉన్నవాడు జవాబు చెప్పేస్తాడు. పక్కవాడు ఏదో అందామని నోరు తెరిచేలోపే అందరూ గుహలో ఉంటారు. మాట్లాడనివాళ్లకి కొట్లాటలంటేనే ఇష్టం ఎందుకో నాకు ఇక్కడే అర్థమైంది. వాళ్లకి కత్తులంటే మోజు ఉండి కాదు, వంతు ఖాయంగా వచ్చేది అప్పుడొక్కటే.

మొదటి టేబుల్ ఆడించే అబ్బాయి ఈ కిటుకు పట్టేశాడు. రుషికొండలో ఏదో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఆదివారాలు ఈ పని. టేబుల్ మొత్తాన్నీ కలిపి ప్రశ్న అడగడు. ఒక్కొక్కర్నీ పాత్ర పేరుతో పిలిచి, ఆ పాత్ర మాత్రమే చెప్పగలిగింది అడుగుతాడు. అడిగి ఊరుకుంటాడు. ఆ ఊరుకోవడం చాలామందికి చేతకాదు. రెండు క్షణాలు నిశ్శబ్దం ఉంటే చాలు, కంగారుపడి వాళ్లే జవాబు అందించేస్తారు. ఈయన టీ గ్లాసు తీసి ఒక గుక్క తాగుతాడు, ఈలోపు అవతలివాళ్లు తేరుకుంటారు. అప్పటికీ పలక్కపోతే, "కిటికీ దగ్గర చప్పుడైంది, వెనక మీ తమ్ముడు పిలుస్తున్నాడు, ఎటు వెళ్తారు?" అని రెండు దార్లు చూపిస్తాడు. ఏదో ఒకటి అనడం ఎవరికైనా తేలికే.

కథ డచ్చివాళ్ల కాలపు భీమిలిలో పెట్టాడు. రూల్సు 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌వే, ఊరు మాత్రం మనది. గోస్తని సముద్రంలో కలిసే చోట గిడ్డంగులు, ఎర్రమట్టి దిబ్బల్లో రాత్రిపూట లాంతర్లు, ఇప్పటికీ మనం చూసే ఆ డచ్చి సమాధుల్లో ఒకదాని కింద సొరంగం. సొరంగం ఆయన కల్పనే లెండి, వెళ్లి తవ్వకండి. పుస్తకాల్లో వచ్చే ఊళ్ల పేర్లు నాలాంటిదానికి నోరు తిరగవు, బుర్రలో నిలవవు. గోస్తని అనగానే ఆ వంతెనా, ఆ ఇసుకా, ఎండు చేపల వాసనా అన్నీ వచ్చేశాయి. ఏం చెయ్యాలో తోచడానికి ముందు ఎక్కడున్నామో కనపడాలి కదా.

నేను పోర్టు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో చేస్తాను. బిల్ ఆఫ్ ఎంట్రీలు, ప్యాకింగ్ లిస్టులు, ఇన్వాయిస్‌లు, ఇదే నా రోజు. పాత్ర తయారు చేసుకునేటప్పుడు ఏ మంత్రగత్తె, ఏ యోధురాలు అని అడుగుతారేమో అనుకుంటే, "మీరు రోజూ ఏం చేస్తారు మేడమ్?" అని అడిగాడు. అలా నా పాత్ర చిట్టెమ్మ, రేవులో సరుకు లెక్కలు రాసే గుమస్తా, చాటుగా తాళాలు తీయడం కూడా వచ్చు. రూల్సు పుస్తకంలో ఇలాంటి పాత్రని రోగ్ అంటారు.

ఒక వారం ఒక గిడ్డంగిలో దూరాం. మా టేబుల్‌లో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు, పాత్ర పేరు భైరవుడు. మంచివాడే, నోరు ఆగదు. "ఈ గిడ్డంగివాణ్ణి స్తంభానికి కట్టేసి అడుగుదాం" అని డైస్ కూడా చేతిలోకి తీసేసుకున్నాడు. గేమ్ మాస్టర్ అరచెయ్యి చూపించి, "భైరవుడు తాడు వెతుకుతున్నాడు, కాస్త టైం పడుతుంది" అన్నాడు. అని నా వైపు తిరిగాడు. "చిట్టెమ్మగారూ, సరుకు చిట్టా మీ చేతిలో ఉంది. ఓడ దిగినప్పటిదొకటి, గిడ్డంగిలో చేరినప్పటిదొకటి. రెండింట్లో ఎక్కడో తేడా ఉంది. ఏంటది?"

డైస్ వెయ్యమనలేదు. జవాబు ఆయన దగ్గర పెట్టుకుని నన్ను కనిపెట్టమనీ అనలేదు. తేడా ఏమిటో నన్నే చెప్పమన్నాడు. ఇలాంటివి చూసీ చూసీ కళ్లు కాయలు కాసినదాన్ని, చెప్పేశాను. "బరువు రెండు చోట్లా ఒక్కటే ఉంది. మూటలు ఓడ మీద 60, ఇక్కడ 54. ఆరు మూటలు తగ్గాయి, బరువు తగ్గలేదు. అంటే ఉన్న మూటల్లో బట్టతో పాటు ఇంకేదో బరువైంది దూర్చారు."

భైరవుడు డైస్ కింద పెట్టేశాడు. గేమ్ మాస్టర్ నోట్‌బుక్కులో ఏదో గబగబా రాసుకుని, మూటలు విప్పమన్నాడు. బట్ట తానుల మధ్య కంచు విగ్రహాలు. ఆ సాయంత్రమంతా ఆ విగ్రహాలు ఏ గుడివి, ఎవరు అమ్మారు అన్న దాని మీదే నడిచింది. టీ దగ్గర అడిగితే చెప్పాడు, ఆయన ఇంటి నుంచి తెచ్చుకున్న కథలో ఆ గిడ్డంగివాడు ఊరికే దారి చెప్పి పక్కకి తప్పుకోవాల్సిన మనిషట. రాసుకొచ్చింది పక్కన పడేసి, ఎదురుగా కూర్చున్న మనిషి అన్న ముక్క మీద నాలుగు గంటలు నడిపించాడంటే, 350 వసూలైపోయినట్టే.

స్టీల్ ప్లాంట్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు వస్తారు, మనవరాల్ని తీసుకుని. ఆయన మాట్లాడేదే తక్కువ. పాత్ర మాత్రం ఇనుప కవచం వేసుకున్న భారీ వస్తాదు. ఒకసారి రాత్రిపూట గోస్తని బురదలో చప్పుడు చేయకుండా దాటాలి. ఇలాంటి చోట గ్రూప్ చెక్ అని ఒక రూలుంది. అందరూ డైస్ వేస్తారు, కనీసం సగం మంది నెగ్గితే గుంపంతా నెగ్గినట్టే. ఐదుగురిలో ముగ్గురం నెగ్గాం. పెద్దాయనకి మూడు పడింది, మొహం చిన్నబోయింది. మామూలుగా అయితే "సరే, అందరూ దాటేశారు" అని ముందుకెళ్లిపోతారు. ఈ అబ్బాయి ఆగి, "బాబాయిగారూ, అంత ఇనుముతో మునిగిపోకుండా ఎలా దాటారు?" అని అడిగాడు. పెద్దాయన మావాడి వైపు చూశారు. మావాడి పాత్ర మూడడుగుల పొట్టివాడు. "ఏటుంది బాబూ, ఈ గుంటడి భుజమెక్కీసినాను" అన్నారు. పక్క టేబుల్‌వాళ్లు కూడా తిరిగి చూసేంత నవ్వులు. ఓడిపోయిన డైస్ ఆయనది, ఆ రోజు మిగిలిన ముచ్చటా ఆయనదే. అప్పటి నుంచి ఆయన కాస్త ముందుకి జరిగి కూర్చుంటున్నారు.

సాయం సంగతి కూడా చెప్పాలి. ఒకరి పనికి ఇంకొకరు సాయం చేస్తే అడ్వాంటేజ్ ఇస్తారు, అంటే డైస్ రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. ఆఫీసులో ఒక ఖాళీ మధ్యాహ్నం లెక్కేశాను. పదిహేను అందుకోవాలి, మీకు మూడు కలుస్తుంది అనుకోండి. ఒక్క డైస్‌తో నెగ్గే వీలు నూటికి 45. రెండు డైస్‌లతో దాదాపు 70. చిన్న తేడా కాదు. అందుకే కొన్ని టేబుళ్లలో ఏం జరుగుతుందంటే, ఒకడు పని చేస్తానంటాడు, పక్కనున్న ప్రతివాడూ "నేనూ సాయం" అని ఫోన్ లోంచి తల ఎత్తకుండా అనేస్తాడు. ఇక్కడ అలా కుదరదు. "ఎలా సాయం చేస్తున్నారు?" అని అడుగుతాడు ఈ అబ్బాయి. లాంతరు పట్టుకుంటానంటారా, కాపలావాణ్ణి మాటల్లో పెడతానంటారా, ఏదో ఒకటి చెప్తేనే రెండో డైస్. మావాడు ఒకసారి "ధైర్యం చెప్తాను" అన్నాడు. "చెప్పు మరి, విందాం" అన్నాడు గేమ్ మాస్టర్. వాడు చెవులు ఎర్రబడిపోయి ఒక వాక్యం చెప్పాడు. డైస్ వచ్చింది.

ఈయనలో నాకు నచ్చనిది కూడా ఒకటుంది. అందరికీ సమానంగా వంతు ఇవ్వాలన్న పట్టుదల ఒక్కోసారి హాజరు పిలిచినట్టుంటుంది. పెద్దాయన మనవరాలు డిగ్రీ చదువుతోంది, నాలుగు గంటలూ కాయితం మీద మ్యాప్ గీస్తూనే ఉంటుంది. గిడ్డంగి తలుపులెన్ని, దిబ్బల్లో దారి ఎటు మలుపు తిరిగింది, అన్నీ. ఈయన మొదట్లో మాటిమాటికీ "మీరేమంటారు?" అంటుంటే ఆ పిల్ల పెన్ను పక్కన పెట్టి ముడుచుకుపోయేది. మాట్లాడకపోతే ఆటలో లేనట్టు లెక్కేశాడు పాపం. ఆ అమ్మాయి మ్యాప్ లేకపోతే దిబ్బల్లో మేం తప్పిపోయేవాళ్లం, అంత నిశితంగా వింటుంది మరి. ఐదో ఎడిషన్ గేమ్ మాస్టర్ల పుస్తకంలోనే ఆడేవాళ్ల ఇష్టాలు రకరకాలని రాశారు. కొందరికి నటన, కొందరికి కొత్త చోట్లు తిరగడం, కొందరికి కొట్లాట, కొందరికి చిక్కుముళ్లు విప్పడం, ఇంకొందరికి ఏదో ఒకటి గెలికి తమాషా చూడటం. ఇప్పుడు కాస్త మారాడు. దారి విషయం వస్తే "మ్యాప్ ఏం చెప్తోంది?" అని ఆ పిల్ల వైపు చూస్తాడు. ఆమె కాయితం తిప్పి చూపిస్తుంది, నోరు తెరవక్కర్లేదు.

బల్ల మధ్యలో ఎక్స్ అని రాసిన కార్డు ఒకటి ఉంటుంది. జాన్ స్టావ్రోపౌలస్ అనే ఆయన తెచ్చిన పద్ధతి. కథ ఎవరికైనా ఇబ్బందిగా ఉన్న చోటికి పోతే ఆ కార్డు ముట్టుకుంటే చాలు, ఎందుకని అడగకుండా ఆ ముక్క దాటేస్తారు. పిల్లలతో వచ్చేవాళ్లకి ఇది పెద్ద ధీమా. పెద్దవాళ్లకీ అంతే అనుకోండి.

ఇక రెండో టేబుల్. ఆడించే ఆయన గొంతు బంగారం. తుపాను వర్ణిస్తే కిటికీ వైపు చూస్తాం. బొమ్మలు, మ్యాపులు, కొవ్వొత్తులు అన్నీ తెచ్చుకుంటారు. కుర్చీలు మాత్రం ఎనిమిది. కొట్లాటలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలే అనుకున్నా, మధ్యలో రాక్షసుల వంతుతో కలిపి వరస తిరిగి నా దాకా రావడానికి ఇరవై నిమిషాలు. పుస్తకం లెక్కలో ఒక రౌండు అంటే కథలో ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో ఇటు పక్కాయన క్రికెట్ స్కోరు చూశాడు, అటు పక్కావిడ వాళ్లాయనకి ఫోన్ చేసి కుక్కర్ ఎన్ని విజిల్స్‌కి దింపాలో చెప్పింది. వాళ్లని అనడానికేముంది, ఆట వాళ్లని వదిలేసింది కాబట్టి వాళ్లు ఆటని వదిలేశారు. ఫోన్లు పక్కన పెట్టండని గోడ మీద బోర్డు పెట్టారు. కుర్చీలు తగ్గిస్తే ఆ బోర్డు అక్కర్లేదు.

అక్కడ ఇంకో బాధ ఏంటంటే, ఏ దారిన పోయినా ఒకే చోటికి చేరతాం. కొండ దారా, సముద్రం దారా అని పది నిమిషాలు తర్జనభర్జన పడి సముద్రం దారి పట్టాం. కొండ మీద ఉండాల్సిన సన్యాసి పడవలో ఎదురొచ్చాడు. అదే గడ్డం, అదే శాపం. ఇంకోసారి మేం చిక్కుల్లో పడితే ఆయన సొంత పాత్ర ఒకటి, ఎవరో రాకుమారుడు, గుర్రమెక్కి వచ్చి అందర్నీ నరికేసి వెళ్లాడు. మేం చప్పట్లు కొట్టాం. అంతకంటే చెయ్యడానికేమీ మిగల్లేదు. కథలు వినడం ఇష్టమైనవాళ్లకి ఆ టేబుల్ నచ్చుతుంది, ఆ మాట నిజం. వాళ్ల ఎదురుగా పెద్ద పెద్ద గ్లాసుల్లో కోల్డ్ కాఫీలు కూడా చూశాను, హాయిగా ఉన్నారు.

మిగతావి చకచకా. క్యారెక్టర్ షీట్లు, అంటే పాత్ర వివరాలు రాసుకునే కాయితాలు, ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, మాట్లాడేదంతా తెలుగే, మనింట్లో మాట్లాడుకునే తెలుగే. మొదటిసారి వచ్చేవాళ్లకి తయారుగా ఉన్న పాత్రలు ఇస్తారు, అవి తీసుకోవద్దు, అరగంట ముందొచ్చి మీ పాత్ర మీరే చేయించుకోండి. మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చూసుకోండి. ఏసీ కింద కూర్చుంటే గేమ్ మాస్టర్ మాట వినపడదు. బండి పెట్టుకోవడానికి చోటు దొరకదు, సాయంత్రమైతే బీచ్ జనం అంతా ఆ సందుల్లోనే. మిక్చర్ బావుంటుంది, ఉల్లిపాయ ఎక్కువ వెయ్యమంటే వేస్తారు. టీ చప్పగా ఉంటుంది.

ఇంట్లోనే ఆడుకోవచ్చుగా అని మా ఆడపడుచు అడిగింది. ఆడుకోవచ్చు. అసలు రూల్సులో ముఖ్యమైనదంతా 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అనే ఉచిత అనుమతి కింద వదిలేశారు, పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. 2014లో వచ్చిన స్టార్టర్ సెట్ పెట్టెలో ఐదు తయారు పాత్రలు, ఆరు డైస్‌లు, 64 పేజీల కథ ఒకటి ఉంటాయి. పండక్కి పిల్లలంతా చేరినప్పుడు మావాడు గేమ్ మాస్టర్‌గా కూర్చున్నాడు. మొదటి ప్రశ్నే "అందరూ ఏం చేస్తారు?" అన్నాడు. పెద్దమ్మ కొడుకు అరిచాడు, మిగతా నలుగురూ జంతికలు తిన్నారు. ఈ కేఫ్‌లో మీరు డబ్బు కట్టేది డైస్‌కీ మ్యాపుకీ కాదు, అడగడం తెలిసిన ఆ ఒక్క మనిషికి. ఆ అబ్బాయి సెలవు పెట్టిన వారం నేనైతే సీటు తీసుకోను.

సీట్లు శుక్రవారం రాత్రికే అయిపోతాయి, వాట్సాప్‌లో ముందే చెప్పుకోవాలి. చెప్పేటప్పుడు "ఐదుగురి టేబుల్" అని గట్టిగా అడగండి, లేకపోతే ఖాళీ ఉన్న చోట వేసేస్తారు. వెళ్లాక రెండో టేబుల్ అంటే మొహమాటపడొద్దు. డబ్బులు వాపసు ఇవ్వరు గానీ, అడిగితే వచ్చే ఆదివారానికి మారుస్తారు.